ఉయ్యాల తాడూ, గోడ గడియారమూ

వేసవి వచ్చిందంటే మా నూజివీడు ఇళ్ళల్లో మనుషులకి చోటుండదు. మంచాల కింద వరిగడ్డి పరిచి చిన్న రసాలు, మూలగదిలో బంగినపల్లి, వసారాలో ఆవకాయకి తెచ్చిన పుల్లకాయలు. రాత్రి దీపం వెయ్యకుండా నడిస్తే కాయ తొక్కడం ఖాయం. అలాంటి రోజుల్లో మా అమ్మాయి అయిదు నెలల పాపనెత్తుకుని హైదరాబాదునుంచి దిగింది. కళ్ళకింద నల్లటి చారలు. పలకరిస్తే ఏడ్చేట్టుంది.

"అమ్మా, ఇంకో మూడు వారాలే నాకు సెలవు. ఇది రాత్రికి అయిదుసార్లు లేస్తోంది. ఈలోగా దీనికి నిద్ర నేర్పాలి" అంది కాఫీగ్లాసు చేతిలోకి తీసుకోకుండానే.

మా అత్తయ్యగారికి ఎనభై నాలుగేళ్ళు. చెవి కాస్త మందం గానీ, వినాలనుకున్న మాట గోడవతలనుంచయినా వినిపిస్తుంది. "నిద్ర నేర్పడమేమిటే, చోద్యం! అదేమన్నా ఈతా? ఆకలీ నిద్రా ఎవరు నేర్పితే వచ్చాయి?" అన్నారు.

"అది కాదు మామ్మా. పద్ధతులున్నాయి. కాసేపు ఏడవనిస్తే తనంతట తనే పడుకుంటుందట."

"ఏడవనిస్తావూ? మేం బతికుండగానే?" అంటూ ఆవిడ కర్ర పట్టుకుని లేచి నుంచున్నారు.

నేను ముప్ఫయ్యేళ్ళు బడిలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. తగువు తీర్చమంటే నాకు చేతకాదు గానీ, ఆ తగువు ఎప్పుడు మొదలైందో చెప్పమంటే మాత్రం ఉత్సాహమొస్తుంది. ఆ రాత్రి పాప లేచినప్పుడల్లా నేనూ లేచి కూర్చుని, పసిపిల్లల నిద్రకి చరిత్ర ఉందా అని ఆలోచించాను. ఉందండీ. రాజుల చరిత్రకన్నా చిక్కైనదే ఉంది.

ముందు మన ఇంటినుంచే మొదలుపెడదాం. మన పెద్దవాళ్ళకి "నిద్ర నేర్పడం" అనే మాట తెలియకపోవచ్చు. ఆ పని తెలియదనుకుంటే మాత్రం పొరపాటే. పసిపిల్ల స్నానం గుర్తు తెచ్చుకోండి. మంత్రసానో, అమ్మమ్మో పీటమీద కూర్చుని కాళ్ళు బారజాపి, పాపని కాళ్ళమీద బోర్లా వేసుకుని, ఒంటికి నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోసి, తల ఆరబెట్టి, మెత్తని పాతచీర ముక్కలో చుట్టి, తల్లిచేత పాలిప్పించి ఉయ్యాలలో వేస్తే ఆ పిల్ల ఎంతసేపు పడుకునేదో మీకందరికీ తెలుసు. రోజూ అదే వేళ, అదే వరస, అదే పాట. ముందు నూనె, తరవాత నీళ్ళు, తరవాత పాలు, ఆ తరవాత నిద్ర అని ఆ చిన్న బుర్రకి తెలిసిపోయేది.

ఈ సంగతినే 2009లో అమెరికాలో జోడీ మిండెల్ అనే పరిశోధకురాలూ ఆమె తోటివాళ్ళూ 405 మంది తల్లులతో పరీక్షించి చూశారు. రాత్రి పడుకోబోయేముందు స్నానం, ఒళ్ళు మర్దన, ఏదో ఒక నెమ్మదైన కాలక్షేపం, ఈ మూడూ వరసగా రెండు వారాలు చేస్తే పిల్లలు తొందరగా నిద్రపోయారు, మధ్యలో లేవడం తగ్గింది. తల్లుల మనసులు కూడా కుదుటపడ్డాయి. ఈ ముక్క చదివి వినిపిస్తే మా అత్తయ్యగారు, "దీనికి అమెరికా దాకా ఎందుకే, మన సావిత్రమ్మనడిగితే చెప్పేది గదా" అన్నారు. సావిత్రమ్మంటే మా వీధి మంత్రసాని. పోయి ఇరవయ్యేళ్ళయింది.

ఇక ఉయ్యాల సంగతి. మనవాళ్ళు బిడ్డ పుట్టిన ఇరవయ్యొకటో రోజున బారసాల చేసి, పేరు పెట్టి, ఉయ్యాలలో వేస్తారు. ఆ రోజు పాడే పాటలన్నీ దేవుడిమీదే. అన్నమాచార్యులవారు (1408–1503) వేంకటేశ్వరుణ్ణి నిద్రపుచ్చుతూ జోలలు రాశారు. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని అరలోనుంచి 1922లో బయటపడేదాకా శతాబ్దాలపాటు అవీ నిద్రలోనే ఉన్నాయి. అయితే రాగిరేకులకెక్కని జోలలు ఇంకెన్నో ఉన్నాయి. అర్ధరాత్రి ఉయ్యాల తాడు లాగుతూ తల్లి పాడుకునే పాటలో కృష్ణుడు రెండు చరణాలదాకానే ఉంటాడు. మూడో చరణంలో అత్తగారూ, నాలుగో చరణంలో ఊరెళ్ళి రాని మొగుడూ ప్రవేశిస్తారు. పిల్లకి మాటలు తెలియవు కాబట్టి, ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా తల్లి పిల్లతోనే చెప్పుకునేది. జోలపాటవల్ల నిద్రపోయేది పిల్లే అయినా, గుండె బరువు దిగేది తల్లికి.

కానీ అందరి ఇళ్ళల్లోనూ కొయ్య ఉయ్యాలా, తాడు లాగే అమ్మమ్మా ఉండేవారా? నూజివీడు జమీందార్లయిన మేకా అప్పారావుగారి వంశంవంటి పెద్దిళ్ళలో దాదులుండేవారు. మధ్యతరగతి ఇళ్ళల్లో పుట్టింటివాళ్ళుండేవారు. మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా కోడల్ని అత్తవారింటికి పంపేవారు కాదు. రాత్రిళ్ళు మేలుకునే పని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పంచుకునేవారు. ఇక కూలికి వెళ్ళే తల్లికి? ఆవిడ ఉయ్యాల మావిడిచెట్టు కొమ్మకే.

మర్నాడు మా అమ్మాయిని కాస్త గాలి మారుతుందని ఆగిరిపల్లి దారిలో ఉన్న మా మరిదిగారి తోటకి తీసుకెళ్ళాను. కోతలు జోరుగా సాగుతున్నాయి. చిక్కాలు కట్టిన గెడలతో మగవాళ్ళు కాయ దింపుతుంటే, ఆడవాళ్ళు సొన తుడిచి, గడ్డి వేసి పెట్టెల్లో సర్దుతున్నారు. నున్న మార్కెట్టుకి వెళ్ళాల్సిన లారీ ఒకటి హారన్ కొడుతూ నుంచుంది. ఆ గోలంతటి మధ్యలో, వంగిన రసాలకొమ్మకి కట్టిన చీర ఉయ్యాలలో ఆరేడు నెలల పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు.

మా అమ్మాయికి ఆశ్చర్యం. ఆ తల్లి దగ్గరికెళ్ళి, "నీ కొడుక్కి నిద్ర ఎట్లా అలవాటు చేశావు?" అని అడిగింది.

ఆ పిల్ల నవ్వింది. "అలవాటేముందమ్మా! వాడు పడుకోకపోతే నాకు కూలి పోద్ది. వాడికీ తెలిసినట్టుంది" అంది చేతిలో పని ఆపకుండానే.

చరిత్ర పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉందనిపించింది నాకు. పిల్ల ఎప్పుడు నిద్రపోవాలన్నది ఏ కాలంలోనూ పిల్లనిబట్టి మాత్రమే తేలలేదు. తల్లి ఎన్నింటికి పనిలోకి వెళ్ళాలన్నదాన్నిబట్టి తేలింది.

ఇక్కడ మనం చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. నల్లమందు. ఆవగింజంత నల్లమందు పాలల్లో రంగరించి పోస్తే పిల్ల మధ్యాహ్నందాకా కదలదు. మా అత్తయ్యగారు తన చిన్నతనంలో ఈ మాట పెద్దలు గుసగుసగా చెప్పుకోగా విన్నారట. 1893లో బ్రిటిషు ప్రభుత్వం నల్లమందుమీద రాయల్ కమిషన్ వేసి దేశమంతా సాక్ష్యాలు తీసుకుంటే, పసిపిల్లలకి దాన్ని పెట్టడం చాలాచోట్ల మామూలేనని రికార్డులకెక్కింది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు "బాల గోలీ" అనే చిన్న మాత్ర వేసి, పిల్లల్ని ఇంట్లో పడుకోబెట్టి షిఫ్టుకి వెళ్ళేవారు.

ఇదంతా మన దేశపు అజ్ఞానమే అనుకోకండి. తెల్లదొరల దేశంలో ఇంకా ఘనంగా జరిగింది. ఇంగ్లండులో ఫ్యాక్టరీ ఊళ్ళల్లో "గాడ్‌ఫ్రేస్ కార్డియల్" అని నల్లమందు కలిపిన తియ్యటి పానకం మందుల షాపుల్లోనే అమ్మారు. అమెరికాలో 1849 నుంచి "మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్" అని ఇంకొకటి. సీసామీద పాపనెత్తుకున్న తల్లి బొమ్మ, లోపల మార్ఫీను. అది తాగిన పిల్లల్లో కొందరు మళ్ళీ లేవలేదు. 1906లో అక్కడ చట్టం వచ్చి, లోపలున్నదేమిటో సీసామీద అచ్చువెయ్యాలని శాసించేదాకా తల్లులకి ఆ సంగతే తెలియదు. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన గ్రైప్ వాటరునే తీసుకోండి. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ మొదట తయారుచేసినప్పుడు అందులో కాస్త ఆల్కహాలు ఉండేది. ఇప్పటి సీసాల్లో లేదు లెండి, కంగారుపడకండి.

మన దేశంలో 1878 నాటి చట్టం నల్లమందు అమ్మకాన్ని సర్కారు చేతికి తెచ్చింది. పూర్తిగా కట్టడిచేసినది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం.

ఇంతవరకూ చదివి, "పాపం, ఏం తల్లులో!" అనుకునుంటారు. ఆ మాట అనేముందు నా సంగతి కూడా వినండి.

ఇప్పుడు నిద్రలేక ఏడుస్తున్న ఈ అమ్మాయే అప్పుడు నాలుగు నెలల పిల్ల. 1992 వేసవి. మా సెలవులు అప్పుడు మూడు నెలలకే సరి. పగలంతా బడి, రాత్రి దిద్దాల్సిన పరీక్షపేపర్ల కట్టలు. పిల్ల గంటకోసారి లేచేది. వరసగా ఎనిమిది రాత్రులు నిద్రలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి వాడే దగ్గుమందు ఒకటుంది. తాగితే మత్తుగా ఉండేది. పిల్లకి కాస్త జలుబు చేసిందన్న వంక పెట్టుకుని, ఉగ్గుగిన్నెలో పావు చెంచా పోశాను. జలుబు కోసం కాదని నాకు పోస్తున్నప్పుడే తెలుసు.

పిల్ల పడుకుంది. గంటయింది, రెండు గంటలయింది. కదలదు. పాలవేళ దాటింది. లేపితే లేవలేదు. ఆ రాత్రి ఇంక పేపర్లు దిద్దలేదు, పక్కమీద వాలలేదు. పిల్ల ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి తగులుతోందా లేదా అని తెల్లవార్లూ చూస్తూ కూర్చున్నాను. అయిదున్నరకి కళ్ళు తెరిచి కేరుమంది. ఆ ఏడుపంత తియ్యటి సంగీతం నేను మళ్ళీ వినలేదు. ఈ సంగతి ముప్ఫయ్యేళ్ళకి పైగా ఎవరికీ చెప్పలేదు. మొన్న తోటనుంచి వస్తూ మా అమ్మాయికి చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుంది గానీ, ఏమీ అనలేదు.

నల్లమందు పెట్టిన తల్లులు రాక్షసులు కారు. అలిసిపోయి, పక్కన ఇంకో మనిషి లేనివాళ్ళు. అయినా తప్పు తప్పే. మత్తు నిద్రకాదు. 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణాధికారులు జలుబుకి వాడే ఒక మిశ్రమ మందు నాలుగేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని సీసాలమీద హెచ్చరిక వెయ్యమన్నారు. నిద్రకోసం పసిపిల్లకి ఏ మందూ, ఎంత తక్కువైనా, డాక్టరు చెప్పందే పొయ్యకండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ముక్క గుర్తుంటే చాలు.

సరే, మందు సీసా పోయింది. దాని జాగాలోకి గోడ గడియారం వచ్చింది. 1894లో అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ అనే డాక్టరు తల్లులకోసం ప్రశ్నలూ జవాబుల రూపంలో ఒక చిన్న పుస్తకం రాశారు. పిల్లని ఊపడం అనవసరమనీ, అలవాటుగా ఏడ్చే పిల్లని ఏడ్చి ఊరుకునేదాకా వదిలెయ్యాలనీ అందులో ఆయన సలహా. ఇప్పుడు మా అమ్మాయి చెప్పిన పద్ధతికి మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు. న్యూజీలాండులో ట్రూబీ కింగ్ అనే ఇంకో డాక్టరున్నారు. ఆయన పిచ్చాసుపత్రికి పెద్ద. అక్కడి పాడిలో దూడల్ని పెంచడంమీద శ్రద్ధపెట్టి, ఆ అనుభవంతో పిల్లల పెంపకానికి వచ్చారు. 1907లో ఆయన ప్రోద్బలంతో ప్లంకెట్ సొసైటీ పుట్టింది. నాలుగు గంటలకోసారే పాలు, రాత్రి పాలు లేవు, విడిగా పడక, ఎత్తుకోవడం తక్కువ. అన్నీ గడియారం ముల్లు ప్రకారమే.

1928లో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో మెట్టెక్కారు. పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే కావాలంటే కరచాలనం చెయ్యండి అన్నారు. నవ్వొస్తోంది కదూ? కానీ ఆ రోజుల్లో చదువుకున్న తల్లులు బిడ్డ ఏడుస్తుంటే తలుపవతల నుంచుని, గడియారం చూసుకుంటూ, తామూ ఏడ్చారు. శాస్త్రం చెప్పిందని.

1946లో డాక్టర్ బెంజమిన్ స్పాక్ వచ్చి, అమ్మా, మీకు తెలుసనుకున్నదానికన్నా మీకు ఎక్కువే తెలుసు అనే ధోరణిలో ధైర్యం చెప్పారు. ఆ పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అయితే పడుకోనని మొండికేసే పిల్లల విషయంలో ఆయన కూడా కొన్ని రాత్రులు ఏడవనివ్వమనే చెప్పారు.

ఇక 1985. మనదేశంలో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన ఆ సంవత్సరమే, అమెరికాలో బోస్టన్ పిల్లల ఆసుపత్రికి చెందిన రిచర్డ్ ఫెర్బర్ పుస్తకం వచ్చింది. పిల్లని మెలకువగా ఉండగానే పక్కమీద వెయ్యాలి. ఏడిస్తే కాసేపాగి వెళ్ళి పలకరించి రావాలి. ఆగే సమయం ప్రతిసారీ కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. తల్లిదండ్రులు దాన్ని "ఫెర్బరైజ్" చెయ్యడం అనేంతగా ఆయన పేరు క్రియాపదమైపోయింది. 2006లో పుస్తకం తిరగరాసినప్పుడు ఆయన కూడా కాస్త మెత్తబడ్డారు.

మనవైపు సలహా దొరికే చోట్లు ఎలా మారాయో కూడా చూడండి. మొదట మంత్రసాని, అమ్మమ్మ. తరవాత డాక్టరు. ఆ తరవాత వారపత్రిక. మా నూజివీడులోనే పుట్టిన మాలతీ చందూర్ గారు "ప్రమదావనం" శీర్షికలో దశాబ్దాలపాటు ఆడవాళ్ళ ప్రశ్నలకి జవాబులిచ్చారు. అత్తగారినీ, మొగుణ్ణీ అడగలేనిది పోస్టుకార్డుమీద రాసి అడిగిన కాలం అది. ఇప్పుడు ఫోనులో వెతికితే నిమిషంలో నూరు సలహాలు. అందులో యాభై మిగతా యాభైని తప్పంటాయి. మా అమ్మాయి కళ్ళకింద చారల్లో సగం పాపవల్లయితే, సగం ఈ సలహాలవల్ల.

మరి ఇప్పటికి తేలినదేమిటి? అప్పుడే పుట్టిన బిడ్డకి రాత్రీ పగలూ తేడా తెలియదు. ఆ గడియారం ఒంట్లో తయారుకావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పొట్ట చిన్నది, ఆకలి ఎక్కువ. కనుక మొదటి నాలుగు నెలల్లో నిద్ర నేర్పాలనుకోవడం వృథాశ్రమ. ఆరు నెలలొచ్చేసరికి చాలామంది పిల్లలు నేర్చుకోవడానికి సిద్ధమవుతారు. అందరూ కాదు. కెనడాలో 388 మంది పిల్లల్ని గమనించి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆరో నెలలో నూటికి దాదాపు 38 మంది వరసగా ఆరు గంటలు పడుకోవడం లేదు. ఏడాది వయసులో కూడా నూటికి 28 మంది అంతే. అయినా వాళ్ళ ఎదుగుదలకి ఏ లోటూ కనబడలేదు. ఈ లెక్క చెప్పినప్పుడు మా అమ్మాయి ముఖంలో ఎంత తెరిపి వచ్చిందో! "అయితే ఇదొక్కత్తే కాదన్నమాట" అంది.

నేర్పితే హాని ఉందా? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, ఏడో నెలలో నిద్ర సమస్య ఉన్న 326 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టు తల్లులకి మెల్లిగా నిద్ర అలవాటుచేసే పద్ధతులు నేర్పారు. ఆగి ఆగి సముదాయించడం ఒకటి, పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా దూరం జరగడం ఇంకొకటి. ఆ పిల్లలకి ఆరేళ్ళొచ్చాక పరీక్షించి 2012లో ఫలితాలు చెప్పారు. మనసుకీ, తల్లితో అనుబంధానికీ ఏ హానీ లేదు. అంతేకాదు, ప్రత్యేకమైన లాభమూ మిగల్లేదు. ఆరేళ్ళకి రెండు జట్లూ ఒకటే. నేర్పినందువల్ల కలిగిన మేలు ఆ మొదటి సంవత్సరాల్లోనే. నిద్ర కాస్త బాగుపడింది, తల్లులకి దిగులు తగ్గింది.

అంటే నేర్పకపోతే పిల్ల చెడిపోదు, నేర్పితే పిల్ల అనాథ అయిపోదు. ప్రశ్న పిల్లది కానేకాదు. తల్లి తట్టుకోగలదా లేదా, ఇంట్లో పంచుకునేవాళ్ళున్నారా లేదా అన్నదే. మా అమ్మాయికి 26 వారాల సెలవు దొరికింది, 2017లో చట్టం మారింది కాబట్టి. 1961 చట్టంలో అది 12 వారాలే. తోటలో కాయలు సర్దే ఆ తల్లికి ఆ 26 వారాల్లో ఒక్కరోజు కూడా అందలేదు.

మేం ఏం చేశామో చెబుతాను. ముందు పిల్లల డాక్టరుకి చూపించాం. బరువు బాగుంది, నెలలు నిండి పుట్టిన పిల్ల, రాత్రి ఒకటి రెండుసార్లు పాలు ఇవ్వాల్సిందే, మిగతాది మెల్లిగా సర్దుకోవచ్చన్నారు. అత్తయ్యగారి పద్ధతుల్లో కొన్నిటికి ఆవిడ చేతే స్వస్తి చెప్పించాం. ఆవాల దిండు తీసేశాం. బోర్లా పడుకోబెట్టడం మానేశాం. వెల్లకిలా పడుకోబెట్టమని 1990ల నుంచి డాక్టర్లు గట్టిగా చెప్పాక, అమెరికాలో నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. సాంబ్రాణి పొగ పాప గదిలో వద్దన్నాం. పాప పడక తల్లి గదిలోనే, కానీ చదునైన వేరే పక్కమీద. "మరి నేను చేసినదాంట్లో మిగిలిందేమిటే?" అన్నారు ఆవిడ చిన్నబుచ్చుకుని. "నూనె, స్నానం, పాట, ఆ వేళాపాళా. అవన్నీ మీవే అత్తయ్యగారూ" అన్నాను.

సాయంత్రం ఏడుకి నూనె రాసి స్నానం. దీపం తగ్గించి పాలు. పూర్తిగా నిద్రపోకముందే పక్కమీద వెయ్యడం. తలుపు మూసేది లేదు. పక్కనే కూర్చుని జోకొట్టడం. శనివారం మా అల్లుడు వచ్చాడు. రాత్రి మొదటి మేలుకోత అతనిదని తేల్చాం. పాలవాసన లేని మనిషి జోకొడితే పిల్లకి పాలు గుర్తురావని నా ఊహ.

మొదటి రాత్రి పాప పదకొండు నిమిషాలు ఏడ్చింది. నేను గడియారం చూశాను కాబట్టి తెలుసు. లోపల తండ్రి జోకొడుతూనే ఉన్నాడు. వసారాలో మా అమ్మాయి మోకాళ్ళమీద తలపెట్టుకుని కూర్చుంది. అత్తయ్యగారు కర్ర పట్టుకుని గుమ్మందాకా వెళ్ళారు. లోపలికి చూశారు. పోట్లాటకి దిగుతారేమోననుకున్నాను. వెనక్కి వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని, దాని వీపుమీద చెయ్యివేసి, చిన్న గొంతుతో ఏదో పాత జోల ఎత్తుకున్నారు. ఆ పాట లోపలున్న పాపకోసమో, పక్కనున్న అమ్మకోసమో నేనడగలేదు.

పది రోజులకి అయిదు మేలుకోతలు రెండయ్యాయి. ఒక్కో రాత్రి మూడు. అంతకుమించి మహిమలేమీ జరగలేదు. పళ్ళొస్తున్నప్పుడు మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు ముందే చెప్పారు.

మా ఊళ్ళో కాయ మాగవెయ్యడం తెలిసినవాళ్ళకి ఇదంతా కొత్తేమీ కాదు. టెంక ముదరని కాయని కోసి గడ్డిలో పెడితే ముడుచుకుపోతుంది గానీ పండదు. ముదిరిన కాయకైనా కార్బైడు పెడితే పైకి పచ్చగా కనిపించి లోపల పుల్లగా చస్తుంది. అందుకే, ఆరోగ్యానికి చేటు కాబట్టి కూడా, దాన్ని చట్టం నిషేధించింది. కాయ తనలో తను పుట్టించుకునే ఇథిలీన్ వాయువునే కొలతగా తగిలించడానికి మాత్రం 2016లో అనుమతించారు. వేళ చూసి, వెచ్చగా గడ్డిలో కప్పి, రోజూ చేత్తో తడిమి చూసుకోవడం మాత్రం ఎప్పుడూ మనిషి పనే.

అమ్మాయి వెళ్ళేరోజున రెండు పెట్టెల రసాలు కట్టి కార్లో పెట్టాం. ఒకటి వాళ్ళింటికి, రెండోది దాని ఆఫీసు వాళ్ళకి. అత్తయ్యగారు పాపని ఎత్తుకుని, "రాత్రిళ్ళు అమ్మని పడుకోనీవే తల్లీ" అని బతిమాలారు. పాప బోసినోటితో నవ్వింది. ఒప్పుకున్నట్టు మాత్రం నాకనిపించలేదు.